పట్టుబడ్డ సైనికుడు - పలకని సాహిత్యం

సోవియట్ యుద్ధసాహిత్యం చదివిన తెలుగు పాఠకుడికి షోలొఖోవ్ సృష్టించిన సోకొలోవ్‌ను కొత్తగా పరిచయం చెయ్యనక్కరలేదు. 1956 డిసెంబరు 31, 1957 జనవరి 1 తేదీల 'ప్రావ్దా' సంచికల్లో అచ్చయిన ఆ కథలో ఒక చిన్న సంఘటన ఉంది. జర్మన్లకు పట్టుబడ్డ సైనికులు ఒక పాడుపడ్డ చర్చిలో రాత్రి గడుపుతారు. తెల్లవారాక వాళ్లను బయట వరసగా నిలబెట్టి, రెండు వందలకు పైగా ఉన్నవాళ్లలోంచి నలుగురిని ఏరి కాల్చేస్తారు. ఆ నలుగురిలో ఒకడు యూదుడు. మిగిలిన ముగ్గురూ రష్యన్లే. కాకపోతే నల్లగా ఉన్నారు, ఉంగరాల జుట్టు ఉంది. చావడానికి అది చాలింది. ఈ విషయాన్ని షోలొఖోవ్ రెండు మూడు వాక్యాల్లో చెప్పి ముందుకు సాగిపోతాడు. కథ సోకొలోవ్‌ది గనక అందులో తప్పు పట్టవలసింది లేదు.

కాని ఆ నలుగురిలో మొదటివాడి కథ ఎక్కడుంది? దాన్ని ఎవరు రాశారు? రాసినదాన్ని ఎవరు ఆపారు? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే, ఫాసిజం చేసిన ఘోరంతోపాటు, ఫాసిజాన్ని ఓడించిన వైపున సాహిత్యానికి పట్టిన మౌనాన్ని గురించి కూడా మాట్లాడవలసి వస్తుంది. మొదటిదాని గురించి మనం చాలా రాశాం. రెండోదాని గురించి రాయడానికి ఎప్పుడూ వెనకాడుతూనే వచ్చాం.

యుద్ధంలో ఆయుధం దించినవాణ్ణి చంపకూడదన్నది నాగరిక ప్రపంచం రాసిపెట్టుకున్న నియమం. 1929 జెనీవా ఒప్పందం దాన్ని చట్టంగా మార్చింది. జర్మనీ ఆ ఒప్పందం మీద సంతకం చేసింది. పశ్చిమ రంగంలో పట్టుబడ్డ ఫ్రెంచి, బ్రిటిష్, అమెరికన్ సైన్యాల యూదు సైనికుల్లో ఎక్కువమంది బతికి బయటపడటానికి కారణం ఆ కాగితమే. తత్వవేత్త ఇమాన్యుయేల్ లెవినాస్ ఇందుకు మంచి ఉదాహరణ. 1940లో ఫ్రెంచి సైనికుడిగా పట్టుబడిన ఆయన జర్మనీలోని ఫాలింగ్‌బోస్టెల్ శిబిరంలో, యూదులకు కేటాయించిన విడి పాకలో ఉంటూ అడవిలో కట్టెలు కొట్టే కూలిగా యుద్ధకాలం గడిపాడు. అవమానం ఉంది, వెలి ఉంది. కాని ఒంటిమీది ఫ్రెంచి యూనిఫారం ఆయన ప్రాణం కాపాడింది. అదే కాలంలో లిథువేనియాలోని కౌనాస్‌లో ఉన్న ఆయన తల్లిదండ్రుల్ని, తమ్ముళ్లను చంపేశారు. వాళ్ల ఒంటిమీద యూనిఫారం లేదు.

అయితే ఆ రక్షణ కూడా గట్టిదేమీ కాదు. 1945 జనవరిలో జీగెన్‌హైన్ శిబిరంలో అమెరికన్ ఖైదీల్లోని యూదులు మాత్రమే బయటికొచ్చి నిలబడాలని జర్మన్ అధికారి ఆజ్ఞాపించాడు. సార్జెంటు రాడీ ఎడ్మండ్స్ వెయ్యిమందికి పైగా ఉన్న తన వాళ్లందరినీ వరసగా నిలబెట్టి, ఇక్కడ అందరం యూదులమే అన్నాడు. తుపాకి గురిపెట్టినా మాట మార్చలేదు. ఎడ్మండ్స్ యూదుడు కాడు, క్రైస్తవుడు. బాడ్ ఓర్బ్ శిబిరం నుంచి మాత్రం యూదుల్నీ, యూదుల్లా కనిపించినవాళ్లనీ కలిపి 350 మంది అమెరికన్ ఖైదీలను బెర్గా అనే చోట సొరంగాలు తవ్వడానికి తోలుకుపోయారు. వాళ్లలో డెబ్భైమందికి పైగా చనిపోయారు.

తూర్పు రంగానికి వస్తే కథ పూర్తిగా వేరు. సోవియట్ యూనియన్ ఆ ఒప్పందం మీద సంతకం చెయ్యలేదు గనక దాని సైనికులకు ఏ హక్కూ లేదని నాజీలు వాదించారు. అది అబద్ధపు వాదన. శత్రుదేశం సంతకం చెయ్యకపోయినా సంతకం చేసిన దేశం కట్టుబడే ఉండాలని ఆ ఒప్పందమే చెబుతోంది. అసలు సంగతి చట్టానిది కాదు. తూర్పు యూరప్‌ను వలసగా మార్చుకుని అక్కడి జనాన్ని ఆకలితో తగ్గించాలన్నది యుద్ధానికి ముందే వేసుకున్న పథకం. జర్మన్లకు చిక్కిన సోవియట్ సైనికులు సుమారు 57 లక్షలని, వాళ్లలో చనిపోయినవారు సుమారు 33 లక్షలని చరిత్రకారుల అంచనా. 1942 ఫిబ్రవరి నాటికే 20 లక్షలమంది పోయారు. ఎక్కువమందిని తూటాలతో చంపలేదు. ముళ్లకంచె వేసిన బయళ్లలో తిండి, నీడ లేకుండా వదిలేశారు. చలి, ఆకలి, టైఫస్ ఆ పని పూర్తి చేశాయి.

ఈ చావుశిబిరాల్లో యూదు సైనికుడికి ఇంకో చావు సిద్ధంగా ఉంది. 1941 జూన్ 6 నాటి ఉత్తరువు ఎర్రసైన్యపు రాజకీయ కమిసార్లను పట్టుబడిన చోటే కాల్చమంది. జూలై 17న హైడ్రిహ్ జారీ చేసిన ఆజ్ఞ శిబిరాల్లోని ఖైదీలను జల్లెడ పట్టి పార్టీ కార్యకర్తలను, యూదులందరినీ వేరు చెయ్యమంది. వేరు చెయ్యడమంటే చంపడమే. పేరు చూశారు, ముక్కు చూశారు, ఉచ్చారణ విన్నారు, చివరికి బట్టలు విప్పించి సున్తీ ఉందో లేదో చూశారు. ఆ పరీక్షలో తాతార్లు, అజర్‌బైజాన్ ముస్లిములు కూడా వేలసంఖ్యలో బలైపోయారు. కొందరు యూదులు తాతార్లమని చెప్పుకుని బతికారు. జాతివాదం తనను తాను శాస్త్రం అని చెప్పుకున్నా, చివరికి అది చూసిందల్లా ఒంటిమీది ఒక గుర్తు.

ఈ నేపథ్యంలో అలెక్సాండర్ పెచెర్‌స్కీ జీవితాన్ని చూడాలి. ఆయన 1909లో ఉక్రెయిన్‌లోని క్రెమెన్‌చుక్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం రొస్తోవ్ నగరానికి చేరింది. రైలింజన్ల మరమ్మతు కర్మాగారంలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాడు. సంగీతం, నాటకం మీద మక్కువ. విప్లవానంతరం కార్మికుల కోసం ఏర్పడిన ఔత్సాహిక కళాబృందాలను నడిపాడు. యూదుల ఇంటిభాష యిడ్డిష్ ఆయనకు రాదు. రష్యన్‌లో ఆలోచించే సోవియట్ పౌరుడు. యూదుడనన్న స్పృహ ఆయన జీవితంలో పెద్ద చోటు ఆక్రమించినట్టు కనపడదు. తరవాత నాజీలే ఆ మాటను ఆయన జీవితానికి కేంద్రం చేశారు.

యుద్ధం మొదలైన 1941 జూన్ 22నే సైన్యంలోకి పిలుపు వచ్చింది. అక్టోబరులో వ్యాజ్మా దగ్గర లక్షలమంది చుట్టుముట్టడిలో చిక్కినప్పుడు ఆయనా చిక్కాడు. శిబిరంలో టైఫస్ వచ్చింది. జబ్బు పైకి కనబడితే కాల్చేస్తారు గనక దాచిపెట్టి లేచి నిలబడ్డాడు. 1942 మేలో నలుగురితో కలిసి పారిపోబోయి దొరికిపోయాడు. శిక్షాశిబిరాలు తిప్పి మిన్‌స్క్ చేర్చారు. అక్కడ వైద్యపరీక్షలో యూదుడని బయటపడింది. అప్పటిదాకా ఆయన సోవియట్ ఖైదీ. ఆ క్షణం నుంచి యూదు ఖైదీ. చీకటి నేలమాళిగలో పడేసి, బతికి బయటికి వచ్చాక ఎస్.ఎస్. శ్రమశిబిరానికి పంపారు. అక్కడ ఏడాది గడిచాక, 1943 సెప్టెంబరులో మిన్‌స్క్ యూదులతో కలిపి రైలెక్కించారు. రైలు సోబిబోర్‌లో ఆగింది.

సోబిబోర్ శ్రమశిబిరం కాదు. జర్మన్ ఆక్రమణలోని పోలండ్ తూర్పు అంచున, బుగ్ నదికి దగ్గరలో, 1942 వసంతంలో కట్టిన హత్యాకేంద్రం. బెల్జెత్స్, ట్రెబ్లింకాలకు జోడీ. ఇంజన్ పొగను గదుల్లోకి వదిలి మనుషుల్ని చంపారు. అక్కడ చచ్చినవాళ్లు తక్కువలో తక్కువ 1 లక్షా 70 వేలు. పెచెర్‌స్కీ ఎక్కిన రైల్లో సుమారు 2,000 మంది వచ్చారు. పని చెయ్యడానికి 80 మందిని ఏరారు. మిగిలినవాళ్లు ఆ రోజే బూడిదయ్యారు. దూరంగా లేస్తున్న పొగ ఏమిటని అడిగితే, అది మీతో వచ్చినవాళ్లదే అని పాత ఖైదీ ఒకడు చెప్పాడట.

ఇక్కడ ఒక కఠోరమైన విషయం దాటెయ్యకూడదు. సోబిబోర్‌లో జర్మన్ ఎస్.ఎస్. మనుషులు ఇరవై ముప్పైమందే. కాపలా కాసినవాళ్లు నూరుమంది దాకా ఉన్న సహాయక దళం. వాళ్లను త్రావ్నికి అనే చోట తర్ఫీదు ఇచ్చి పంపారు. ఆ దళంలోకి మొదట తీసుకున్నది ఎక్కువగా సోవియట్ యుద్ధఖైదీలనే. అంటే కంచెకు ఇవతలా అవతలా ఉన్నవాళ్లు కొందరు ఒకే సైన్యంలో పనిచేసినవాళ్లు, ఒకే ఆకలిని చూసినవాళ్లు. ఆకలి మనిషిని ఏం చేస్తుందో చెప్పి దీన్ని కొంత వివరించవచ్చు. సమర్థించడం వేరే మాట. అదే ఆకలిని చూసినవాళ్లు గొడ్డలి పట్టి తిరగబడ్డారన్నది కూడా నిజమే గదా! మనిషి నడవడిని పరిస్థితులే పూర్తిగా నిర్ణయిస్తాయని నమ్మే విమర్శకుడు సోబిబోర్ కంచె దగ్గర కాసేపు ఆగి ఆలోచించాలి.

పెచెర్‌స్కీ వచ్చిన కొన్నాళ్లకే ఒక సంఘటన జరిగింది. కట్టెలు కొట్టే చోట ఫ్రెంజెల్ అనే ఎస్.ఎస్. సార్జెంటు నీరసించిపోయిన ఒక డచ్చి ఖైదీని కొరడాతో కొడుతున్నాడు. పెచెర్‌స్కీ పని ఆపి చూశాడు. ఫ్రెంజెల్ ఒక పెద్ద మొద్దు చూపించి, అయిదు నిమిషాల్లో చీలిస్తే సిగరెట్లు, చీల్చకపోతే పాతిక కొరడా దెబ్బలు అన్నాడు. నాలుగున్నర నిమిషాల్లో చీల్చాడు. సిగరెట్లు ఇవ్వబోతే, నేను కాల్చను అన్నాడు. ఫ్రెంజెల్ వెళ్లి రొట్టె, వెన్న తెచ్చాడు. ఇక్కడ పెట్టే తిండి నాకు సరిపోతోంది అన్నాడు, ఆకలితో నకనకలాడుతున్న మనిషి. ఫ్రెంజెల్ వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

షోలొఖోవ్ సోకొలోవ్ కూడా శిబిరాధికారి పోసిన సారా తాగి, నంజుకోమని ఇచ్చిన తిండిని మొదట ముట్టడు. ఆ ఘట్టం ప్రపంచ సాహిత్యంలో నిలిచిపోయింది. పెచెర్‌స్కీ రొట్టెముక్క సంగతి అంతకు పదేళ్లకు పైగా ముందే, 1945లోనే కాగితం మీదికి ఎక్కింది. ఒకదాన్ని చూసి ఇంకొకటి రాశారని నా ఉద్దేశం కాదు. అలాంటి మనుషులు నిజంగా ఉన్నారు, కాని ఒకరి కథకు లక్షల ప్రతులు దొరికాయి, ఇంకొకరి కథకు ఒక చిన్న పుస్తకం దొరికింది అని చెప్పడమే ఉద్దేశం.

రొట్టె వద్దన్న ఖైదీని శిబిరంలోని పోలిష్ యూదులు గమనించారు. వాళ్లలో లియోన్ ఫెల్డ్‌హెండ్లర్ నాయకత్వాన ఒక రహస్య బృందం అప్పటికే ఉంది. ఆ వేసవిలో బెల్జెత్స్ శిబిరాన్ని మూసేసి అక్కడి పనివాళ్లను సోబిబోర్‌కి తెచ్చి కాల్చేశారు. చచ్చినవాళ్ల బట్టల్లో దొరికిన చీటీల వల్ల ఆ సంగతి వీళ్లకు తెలిసింది. రైళ్లు తగ్గుతున్నాయి. తమ వంతు వస్తోంది. వాళ్లకు తెగింపు ఉంది, శిబిరం ఆనుపానులన్నీ తెలుసు. లేనిది యుద్ధానుభవం. మిన్‌స్క్ రైలు ఆ లోటు తీర్చింది. యిడ్డిష్ రాని పెచెర్‌స్కీకి, రష్యన్ రాని వాళ్లకి మధ్య దుబాసీగా నిలబడ్డది శ్లోమో లైట్మన్ అనే వార్సా వడ్రంగి. అతను కమ్యూనిస్టు. రబ్బీ కొడుకు ఫెల్డ్‌హెండ్లర్, కమ్యూనిస్టు వడ్రంగి, సోవియట్ సైనికాధికారి ఒకచోట కూర్చుని పథకం వేశారు. పైకి చూసేవాళ్లకు చదరంగం ఆడుతున్నట్టు, ఆడవాళ్ల పాకలో కబుర్లు చెప్పుకుంటున్నట్టు కనబడింది. అందుకోసం లూకా అనే యువతి పెచెర్‌స్కీ పక్కన కూర్చునేది.

మొదట సొరంగం తవ్వారు. వానలకు నీళ్లు నిండింది. తర్వాతి పథకం శత్రువు అలవాట్లను లెక్కలోకి తీసుకుంది. ఎస్.ఎస్. వాళ్లకు సమయపాలన పిచ్చి. అంతకంటె పెద్ద పిచ్చి, చచ్చినవాళ్ల నుంచి దోచిన మంచి కోట్లు, బూట్లు. కుట్టుపని గదికి, చెప్పుల గదికి ఒక్కొక్కణ్ణి వేరువేరు సమయాలకు రమ్మని పిలవాలి. లోపల గొడ్డళ్లతో కాచుకుని ఉండాలి. గంట లోపల ముఖ్యులందర్నీ ముగించి, సాయంత్రం హాజరు పిలుపులో అందరూ వరసగా నడిచి పెద్ద గేటు గుండా బయటపడాలి. కొద్దిమంది పారిపోతే మిగిలినవాళ్లను చంపుతారు గనక, పోతే అందరూ పోవాలన్నది మొదటి షరతు. ఈ షరతును నేను ఆ తిరుగుబాటుకు ప్రాణంగా భావిస్తాను.

1943 అక్టోబరు 14 సాయంత్రం నాలుగింటికి డిప్యూటీ కమాండెంట్ నీమన్ కొత్త కోటు కొలత చూసుకోవడానికి కుట్టుగదికి వచ్చాడు. షుబాయెవ్ అనే సోవియట్ ఖైదీ గొడ్డలి అతని తల మీద పడింది. తర్వాత మరికొందరు. ఫోను తీగలు, కరెంటు తెగిపోయాయి. పదకొండుమంది దాకా ఎస్.ఎస్. వాళ్లు చచ్చారు. కాని అంతా అనుకున్నట్టు జరగలేదు. ఫ్రెంజెల్ దొరకలేదు. కాల్పులు మొదలయ్యాయి. జనం గేటు వైపూ కంచె వైపూ పరుగెత్తారు. ముందు పరుగెత్తినవాళ్లు మందుపాతరల మీద పడి పోయారు. వాళ్ల మీదుగా వెనకవాళ్లు దాటారు. శిబిరంలో ఉన్న సుమారు 600 మందిలో 300 మంది దాకా అడవి చేరారు. యుద్ధం ముగిసేనాటికి బతికి మిగిలినవాళ్లు యాభైమంది పైచిలుకు. లైట్మన్ అడవి చేరాక బతకలేదు. లూకా ఏమయిందో ఎవరికీ తెలియదు. తిరుగుబాటుకు ముందు ఆమె ఇచ్చిన చొక్కాను పెచెర్‌స్కీ జీవితాంతం దాచుకున్నాడు. నాజీలు ఆ శిబిరాన్ని నేలమట్టం చేసి చెట్లు నాటారు.

ఈ చరిత్రను అచ్చమైన వీరగాథగా రాసేవాళ్లు ఒక సంగతి వదిలేస్తారు. అడవిలో పెచెర్‌స్కీ మరో ఎనిమిదిమంది సోవియట్ సైనికులతో కలిసి, ఉన్న తుపాకుల్లో ఎక్కువ భాగం తీసుకుని, దారి చూసి వస్తామని చెప్పి వెళ్లిపోయాడు. తిరిగి రాలేదు. వెనక మిగిలిన పోలిష్ యూదులు చాలామంది దొరికిపోయారు. బతికినవాళ్లలో ఒకరైన థామస్ బ్లాట్ ఏళ్ల తర్వాత రొస్తోవ్ వచ్చి దీన్నిగురించి సూటిగా అడిగాడు. తన పని శిబిరంతో ముగిసిందని, తానింకా ఎర్రసైన్యపు సైనికుణ్ణేనని, నదికి అవతల తన యుద్ధం మిగిలే ఉందని పెచెర్‌స్కీ జవాబు సారాంశం. జవాబు అడిగినవాడికి తృప్తినిచ్చిందా లేదా అన్నది పక్కనపెడదాం. అడిగే హక్కు బ్లాట్‌కి ఉంది. చెప్పవలసిన బాధ్యత పెచెర్‌స్కీకి ఉంది. ఇద్దరూ తమ వంతు నెరవేర్చారు. వీరుణ్ణి దేవుణ్ణి చేసే రచనలో ఈ సంభాషణకు చోటుండదు.

నది దాటిన పెచెర్‌స్కీ బైలోరష్యా పార్టిజాన్లలో చేరాడు. 1944లో ఎర్రసైన్యం వచ్చింది. స్వాగతానికి బదులు విచారణ ఎదురయింది. పట్టుబడటాన్నే ద్రోహంగా చూడటానికి దారితీసిన 1941 ఆగస్టు 16 నాటి 270వ నంబరు ఉత్తరువు నీడ తిరిగి వచ్చిన ప్రతి ఖైదీ మీదా ఉంది. హత్యాశిబిరంలో తిరుగుబాటు నడిపినవాణ్ణి, శిక్షాదళం లాంటి దాడి బెటాలియన్‌లోకి పంపి, రక్తంతో నిర్దోషిత్వం నిరూపించుకోమన్నారు. ఆగస్టులో లాత్వియాలో కాలికి తీవ్రంగా గాయమైంది. నిరూపణ అయిందన్నారు.

ఈ దశలోనే ఇద్దరు రచయితలు ఆయన మాట విన్నారు. ఒకరు నవలాకారుడు వెనియామిన్ కవేరిన్. రెండోవారు కవి పావెల్ అంటొకోల్‌స్కీ. 1942లో యుద్ధంలో కన్నకొడుకును పోగొట్టుకున్న తండ్రి ఈయన. వాళ్లు రాసిన 'సోబిబోర్ తిరుగుబాటు' 1945 ఏప్రిల్‌లో 'జ్నామ్య' పత్రికలో వచ్చింది. పెచెర్‌స్కీ సొంత కథనం అదే ఏడాది రొస్తోవ్‌లో చిన్న పుస్తకంగా వచ్చింది. ఎహ్రెన్‌బర్గ్, గ్రాస్‌మన్ కలిసి కూర్చిన 'నల్లపుస్తకం'లో కూడా సోబిబోర్ చేరింది. ఆ పుస్తకం నాజీ ఆక్రమణలో సోవియట్ యూదుల హత్యాకాండకు సాక్ష్యాల సంకలనం. రచయితలు తమ పని తాము చేశారు. ఇది మరచిపోకూడదు.

తర్వాత జరిగింది ఇది. 'నల్లపుస్తకం' అచ్చు ఆపేశారు, కూర్చిన అక్షరాలు చెదరగొట్టారు. ప్రచురణకు పూనుకున్న యూదు ఫాసిస్టు వ్యతిరేక సంఘాన్ని 1948లో రద్దు చేసి, దాని ప్రముఖుల్ని 1952 ఆగస్టు 12న కాల్చేశారు. వాళ్లలో యిడ్డిష్ కవులున్నారు. ఆ పుస్తకం రష్యన్‌లో 1980లో జెరూసలేంలో వెలువడింది. సోవియట్ యూనియన్‌లో వెలుగు చూడటానికి మరో పదేళ్లు పట్టింది. 'దేశంలేని విశ్వవాదుల' మీద ప్రచారం సాగుతున్న రోజుల్లో పెచెర్‌స్కీ రంగస్థల ఉద్యోగం పోయింది. స్టాలిన్ మరణించేదాకా సరైన పని దొరకలేదు. చచ్చిన యూదుల సమాధుల మీద 'శాంతియుత సోవియట్ పౌరులు' అని చెక్కారు. బతికి ఉన్నప్పుడు వాళ్లను యూదులుగా ఏరి చంపారు. చచ్చాక ఆ మాట చెరిపేశారు. సోబిబోర్ కాపలాదళం వాళ్ల మీద జరిగిన కీవ్ విచారణలో పెచెర్‌స్కీ సాక్ష్యం చెప్పాడు. 1987లో సోబిబోర్ తిరుగుబాటు మీద పశ్చిమంలో సినిమా వచ్చినా ప్రదర్శనకు వెళ్లలేకపోయాడు. 1990 జనవరి 19న రొస్తోవ్‌లో మరణించాడు. 2016లో, రష్యా ఆయనకు మరణానంతర పతకం ఇచ్చింది.

సోవియట్ సైన్యమే నాజీల నడుం విరిచింది. దాన్ని తక్కువ చేసే ప్రచారాలను మనం ఎదుర్కొన్నాం, ఎదుర్కోవాలి. కాని ఆ సైన్యపు గౌరవాన్ని కాపాడే పేరుతో ఆ సైన్యపు సైనికుణ్ణే దాచిపెట్టడం ఏ న్యాయం? ఐక్యత దెబ్బతింటుందని, శత్రువు వాడుకుంటాడని చెప్పి ఆపిన సాక్ష్యం చివరికి శత్రువుకే ఉపయోగపడింది. 'యూదులు గొర్రెల్లా చావుకి నడిచారు' అన్న నీచపు మాట లోకంలో అంతకాలం చెల్లుబాటు కావడానికి, సోబిబోర్ కథ అణిగిపోవడం ఒక కారణం. నిజానికి ఆ మాటను ఖండించడానికి తిరుగుబాటు కూడా అక్కరలేదు. ఆయుధశిక్షణ పొందిన, వయసులో ఉన్న 33 లక్షలమంది సైనికులు శిబిరాల్లో చచ్చిపోయారు. వాళ్లనెవరూ గొర్రెలు అనలేదు. పిల్లలతో, ముసలివాళ్లతో రైలు దిగిన తల్లిని ఆ మాట ఎలా అంటారు?

మనకు తెలుగులో సోవియట్ యుద్ధసాహిత్యం విరివిగా అందింది. చవకగా అందింది. మనలో ఎంతోమంది ఆ పుస్తకాలు చదివే రచయితలయ్యారు. ఆ రుణం ఉంది. కాని మనకు అందనిది ఏమిటో మనం అడగలేదు. అడగకపోవడానికి తెలియకపోవడం ఒక్కటే కారణమా? మన వాళ్లనుకున్నవాళ్ల తప్పు బయటపడితే ఎక్కడ బలహీనపడతామో అన్న భయం కూడా లేదా? ఈ ప్రశ్న పాత దేశం గురించి, పాత యుద్ధం గురించి మాత్రమే అనుకుంటే పొరపాటు. ఏ ఉద్యమంలోనైనా ఓడినవాడు, పట్టుబడ్డవాడు, సగంలో వెనక్కి వచ్చినవాడు, మన ఆదర్శానికి ఇమడని గుర్తు ఒంటిమీద ఉన్నవాడు ఉంటాడు. అతని మాట వినడానికి కూర్చునే రచయిత కావాలి. కవేరిన్, అంటొకోల్‌స్కీ కూర్చున్నారు. వాళ్లు రాసింది అణచివేతకు గురైంది. అయినా ఆనాడు రాసి ఉండబట్టే ఇవాళ మనం దాన్నిగురించి మాట్లాడుకోగలుగుతున్నాం.

యుద్ధఖైదీల మీద పరిశోధన చేసే సాహిత్య విద్యార్థులు సోకొలోవ్ పక్కన పెచెర్‌స్కీని కూడా పెట్టి చదవాలి. చర్చి బయట ఏరివేసిన నలుగురి పేర్లు కథలో లేవు. ఆ పేర్లను వెతకడం విమర్శ చెయ్యవలసిన పనుల్లో ఒకటి.